మా ఇంట్లో బొమ్మ అంటే

నా కూతురి ఫోటో ఒక్కటి కూడా లేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. పొద్దున లేచింది మొదలు ఫోనులో ఫోటోలు తీసుకునేవాళ్ళకి అదెలా అర్థమవుతుంది? తొంభైలలో ఈ తమిళ ఊళ్ళో, కోవిల్‌పట్టిలో, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లేబుళ్ళు అంటించుకునే మాలాంటివాళ్ళకి ఫోటో అంటే పెళ్ళికో, చావుకో. బడిలో ఒకసారి క్లాసంతటినీ వరసగా నిలబెట్టి తీశారు. ఆ రోజు దానికి జ్వరం. వచ్చే ఏడు తీసుకుందువులే అన్నాను. వచ్చే ఏడు దానికి రాలేదు.

ఎముకల లోపల రక్తం పుట్టడం ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఇంకా పెద్ద పేరేదో కూడా చెప్పాడు గానీ పేరు తెలిసి నేనేం చేసుకోను? విరుదునగర్ ఆసుపత్రిలో పిల్లల వార్డులో చేర్చాం. మా ఆయన అగ్గిపెట్టెల బండిళ్ళు వేసుకుని వ్యాను తోలేవాడు. సాత్తూరు మీదుగా పోయే లోడు దొరికిన రోజున వచ్చి చూసిపోయేవాడు. నేను పని మానేసి అక్కడే ఉండిపోయాను. అక్కడ మంచాలు ఎత్తు. కూర్చోవడానికి ఉన్న స్టూళ్ళు అందరికీ చాలవు. అందుకని తల్లులం నిలబడితే నిలబడేవాళ్ళం, లేదంటే మంచం కింద కాగితాలు పరుచుకుని ఒరిగేవాళ్ళం. దాని చెయ్యి పట్టుకుంటే నా వేళ్ళ గుర్తులు నీలంగా నిలిచిపోయేవి. కన్నకూతుర్ని గట్టిగా పట్టుకోవడానికి కూడా లేని జబ్బు అది. ఒక మధ్యాహ్నం నేను కింద నడుం వాల్చాను. పైనుంచి నెమ్మదిగా అంది:

"అమ్మా, నువ్వు కింద పండుకుంటే నీ మొగం నాకి అగపడలా."

లేచి నిలబడ్డాను. ఆ తర్వాత అక్కడున్నన్నాళ్ళూ అది మెలకువగా ఉంటే నేను నిలబడే ఉన్నాను. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. పోయినప్పుడు కూడా దాని కళ్ళకి ఎదురుగానే ఉన్నాను. ఆ ఒక్క తృప్తీ మిగిలింది.

ఇంటికి వచ్చాక అందరూ ఒకటే పాట. మరిచిపో, మరిచిపో. నాకు ఒళ్ళు మండేది. మరిచిపోతున్నాననే కదా నా భయం! ఏడాది తిరక్కుండానే కళ్ళు మూసుకుంటే దాని మొహం సగం వచ్చి ఆగిపోయేది. నవ్వు వస్తే కళ్ళు రావు, కళ్ళు వస్తే గడ్డం రాదు. ఫోటో ఉంటే గోడకి తగిలించి రోజూ చూసుకునేదాన్ని. లేదు కాబట్టి నేనే గీయాలనుకున్నాను. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు పలక మీద కోడి తప్ప ఏమీ గీసిన పాపాన పోలేదు. వచ్చిన మొహం చూసి మా ఆయన, "ఇదెవురు, మీ మేనత్తా?" అన్నాడు. నన్ను నవ్వించాలని అన్నాడని తెలుసు. అయినా చేతిలో పెన్సిలు ఆయన మీదికి విసిరాను. ఆయన దాన్ని తీసుకొచ్చి మళ్ళీ నా పక్కన పెట్టి బయటికి పోయాడు. ఆయన ఏడుపంతా బయటే ఏడ్చేవాడు.

రంగులు నా చేతికి వచ్చింది గుడ్డలు ఉతికేటప్పుడు. గంజి పెట్టిన మైదా సంచి గుడ్డ మీద నీలిమందు ఒలికింది. కంగారుగా తుడవబోయి ఆగిపోయాను. దాని చేతి మీద నా వేళ్ళు దిగిన చోట ఉండే నీలం, అదే. మొహం కాదు, చెయ్యి కాదు, ఉత్త నీలం. ఆ గుడ్డని ఆరేసి, దాని ఎదురుగా సాయంత్రం దాకా కూర్చున్నాను.

అప్పటినుంచి గుడ్డ దొరికితే చాలు. పిండి కొట్లలో మైదా సంచులు అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి, గంజి పెట్టి, బిగించి ఆరేస్తాను. పొలంలోంచి నల్లమట్టి తెచ్చి పైటకొంగుతో జల్లించి తుమ్మజిగురులో కలుపుతాను. పసుపు, కుంకుమ, నీలిమందు, గోడలకి వేసే రంగుపొడులు. కుంచె కొనుక్కోవాలని కూడా తెలియదు. వేళ్ళు, గుడ్డపీలిక, వేపపుల్ల. ఎవరూ నేర్పలేదు, ఎవరినీ అడగలేదు. ప్రతి గుడ్డలోనూ నేను దాన్నే వెతికాను. అయిపోయాక దూరంగా నిలబడి చూసేదాన్ని. వచ్చిందా? రాలేదు. చుట్టి మంచం కింద పడేసి ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని.

మా వీధి చివర ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉండేవాడు, తమిళాయన. మా దండెం మీద ఆరుతున్న గుడ్డల్ని చూసి ఒక రోజు లోపలికి వచ్చి, అన్నీ చూపించమన్నాడు. ఒక్కొక్కటే విప్పి చూశాడు. ఇలాంటివాటికి ఇంగ్లీషులో ఆబ్‌స్ట్రాక్ట్ అని ఒక పేరుందని చెప్పాడు. నేను వేసేదానికి పేరు కూడా ఉందా అని ఆశ్చర్యపోయాను. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. నా కూతురి దగ్గర అన్నాను. ఆమె ఎక్కడుందని అడిగాడు. మా ఆయన ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు.

ఆ మాస్టారే విరుదునగర్‌లో వర్తకుల హాలు ఒకటి మాట్లాడి, తాళ్ళు కట్టించి, నా గుడ్డల్ని వేలాడదీయించాడు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. పప్పు వ్యాపారులు, నూనె వ్యాపారులు, బ్యాంకువాళ్ళు వచ్చారు. ఒకాయన ఇది మ్యాపా అన్నాడు. ఒకావిడ తడికి పాడైన గుడ్డలు ఎందుకు ఆరేశారని మాస్టారిని అడిగింది. ఇంకొకాయన కొనుక్కుని పోయి కొట్లో తలకిందులుగా తగిలించుకున్నాడు. చూసి చెప్పబోయి ఊరుకున్నాను. ఏది పైనో ఏది కిందో నాకు మాత్రం తెలుసా ఏమిటి! కానీ కొన్నారు. మదురై నుంచి కూడా వచ్చి కొన్నారు.

ఆ డబ్బుతో ఏం చేయాలో నేను క్షణం కూడా ఆలోచించలేదు. పిల్లల వార్డుకి స్టూళ్ళు కొన్నాను. తల్లి కూర్చుంటే బిడ్డకి తల్లి మొహం కనిపించే ఎత్తు కొలిచి, వడ్రంగి దగ్గర కూర్చుని మరీ చేయించాను. తర్వాత ప్లాస్కులు, పాలు, తల్లులకి పొద్దున పూట ఇడ్లీలు. నెలకొకసారి బస్సెక్కి వెళ్ళి వచ్చేదాన్ని. జనం చేతులెత్తి దండం పెట్టేవాళ్ళు. పుణ్యాత్మురాలు, ఎంత దయ, ఎంత త్యాగం. నా బొంద త్యాగం! దాని కోసం వెతికి, అది రాని గుడ్డల్నే నేను అమ్మాను. వస్తే ఇవ్వను, అది నాది, ఇంట్లో గోడకి ఉంటుందని ఎప్పుడో అనుకున్నాను. వార్డుకి వెళ్ళడం కూడా పుణ్యానికి కాదు. దాన్ని కడసారి చూసిన చోటు అదే కాబట్టి వెళ్ళాను.

ఆ వార్డులో ఒక పిల్ల ఉండేది. పుదూరు దాటాక ఎక్కడో మెట్టపొలాల ఊరు వాళ్ళది. తండ్రి లేడు, తల్లి కూలికి పోయేది. మా దాని జబ్బు కాదు, గుండెలో ఏదో. పెదాలు ఎప్పుడూ నేరేడుపండు తిన్నట్టు ఉండేవి. మహా వాగుడుకాయ. నేను వెళ్తే చాలు, స్టూలు చూపించి కూర్చోమనేది. ఒక నెల వెళ్ళలేకపోతే మరుసటి నెల మొహం తిప్పుకుని కూర్చునేది. బతిమాలితే గానీ తిరిగేది కాదు. మా దాని చేష్టే అది.

నా గోళ్ళలో పసుపూ నీలమూ చూసి ఒక రోజు ఇదేమిటని అడిగింది. బొమ్మలు చేస్తానన్నాను. పిల్ల కళ్ళు ఇంతింతయ్యాయి. నాకొకటి చేసి తెస్తావా అంది. తెస్తానన్నాను. ఒళ్ళో పడుతుందా? పడుతుంది. జుట్టుంటుందా? కావాలంటే పెడతాను. కళ్ళుంటాయా? చూసేవాళ్ళకి కనిపిస్తాయి అన్నాను, పెద్ద కళాకారిణిలాగా. ఆ పిల్ల అంతా బుద్ధిగా విని తలూపింది.

ఇంటికి వచ్చి ఒళ్ళో పట్టేంత గుడ్డ కత్తిరించాను. అన్నేళ్ళలో మొదటిసారి మా దాన్ని వెతక్కుండా రంగు ముట్టుకున్నాను. ఆ పిల్ల కోసమే వేశాను. నల్లమట్టి కింద పసుపు, దాని మీద జుట్టు అడిగింది కదా అని పుల్లతో గీతలు. ఒక మూల గంజి ఎక్కువై పసుపు పలచబడింది. సరిచేద్దామని వంగి చూశాను. అక్కడ ఉంది నా కూతురు.

రోజూ పొద్దున ఫ్యాక్టరీకి పోయే ముందు దాన్ని నా మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జడలు వేసేదాన్ని. జుట్టు రెండు పాయలు తీస్తే మెడ వెనక తెల్లగా, లేతగా కనిపించేది. ఎండ తగలని చోటు. రోజూ అంత దగ్గరగా, అంతసేపు నేను చూసింది ఆ మెడనే. ఇన్నేళ్ళూ పిచ్చిదానిలా మొహం కోసం వెతుక్కున్నాను. గుడ్డ మీద చెంప ఆనించి ఏడ్చాను. మా ఆయన వచ్చి చూశాడు. ఆయన వేలితో ఆ మూల మెల్లగా ముట్టుకుని, "వొచ్చేసిందా?" అన్నాడు.

వచ్చేసిందన్నాను. ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. అన్నం వండలేదు. ఆయన లోడుకి పోలేదు.

వెళ్ళాల్సిన రోజు వచ్చింది. గుడ్డ చుట్టి కాగితంలో పెడుతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ ఒక్కటి ఇంట్లోనే వుండనీమే. ఆ బిడ్డకి ఇంకోటి వేసి ఇయ్యి. దానికేం తెలస్తాది?"

నిజమే, దానికి తెలియదు. ఎవరికీ తెలియదు. కానీ మా దానికి వచ్చే ఏడని చెప్పిన నోరే ఇది. జబ్బుపిల్లకి ఇంకోసారి అని చెప్పడం నా వల్ల కాలేదు. ఆయన్ని కసిరి బస్సెక్కేశాను. దారంతా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

పిల్ల దిండుకి ఆనుకుని ఎదురుచూస్తోంది. కాగితం గబగబా విప్పింది. గుడ్డ పక్కకి జరిపి కాగితం లోపల చూసింది. గుడ్డ ఎత్తి దాని కింద చూసింది. నా సంచీలోకి తొంగిచూసింది. తర్వాత నా మొహం చూసి అడిగింది:

"అక్కా, బొమ్మై ఎంగే?"

బొమ్మ ఏదీ అని. అప్పుడు తగిలింది నాకు దెబ్బ. మా ఇంట్లో బొమ్మ అంటే గీసిందీ బొమ్మే, ఆడుకునేదీ బొమ్మే. క్యాలెండరు బొమ్మ, అగ్గిపెట్టె మీది బొమ్మ, అన్నీ బొమ్మలే. తమిళంలో గీసింది పడం. బొమ్మై అంటే ఒట్టి ఆడుకునే బొమ్మ. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలియదా! గడప దాటితే తమిళం, గడప లోపల తెలుగు, ఇన్నేళ్ళలో బజార్లో గానీ ఫ్యాక్టరీలో గానీ ఒక్కసారీ నాలుక తడబడలేదు. తెలుగు అక్షరాలే నేను పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను, కానీ తమిళం బడిలో చదివినదాన్ని. అలాంటిది ఆ పిల్ల దగ్గర నా నోటికి ఇంటి మాట వచ్చేసింది. ఎప్పుడు దాన్ని ఇంటి పిల్లని చేసుకున్నానో నాకే తెలియదు.

ఒళ్ళో పడుతుందా, జుట్టుంటుందా, కళ్ళుంటాయా. ఇన్నాళ్ళూ పాపం అది పాపాయి బొమ్మ కోసం కాచుకుని ఉంది. తల్లి సిగ్గుపడిపోయి, అక్క తెచ్చింది బాగుందని చెప్పవే అని పిల్లని గదిమింది. పిల్ల బాగుందని చెప్పింది. గుడ్డని మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

నాకు ఒక పక్క గుండె తరుక్కుపోయింది. ఇంకో పక్క, దాచడమెందుకు, ప్రాణం లేచొచ్చింది. దానికి కావలసింది ఇది కాదు! బజారుకి పోయి మంచి బొమ్మ కొనిచ్చి, నా గుడ్డ నేను తీసుకుపోవచ్చు. అందరికీ సంతోషమే. ఇప్పుడే వస్తానని చెప్పి పరుగులాంటి నడకతో బజారుకి పోయాను. జుట్టున్నది, పడుకోబెడితే కళ్ళు మూసుకునేది, గౌను వేసుకున్నది వెతికి వెతికి కొన్నాను. వచ్చేటప్పుడు లోలోపల నవ్వుకుంటూ వచ్చాను. సాయంత్రానికి నా కూతురు నా ఇంట్లో ఉంటుంది.

వార్డులోకి వచ్చేసరికి పిల్ల ముడుచుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో ఏదో పెట్టుకుని ఊపుతోంది. దగ్గరికి వెళ్ళి చూశాను. నా గుడ్డని నిలువునా చుట్టింది. తన జడకున్న రిబ్బను ఊడదీసి దానికి మెడ దగ్గర కట్టింది. పైభాగం తలకాయ, కిందిభాగం ఒళ్ళు. నేను నోరు తెరవబోతే వేలు పెదాల మీద పెట్టి, పాప నిద్రపోతోంది అని తమిళంలో గుసగుసగా చెప్పింది.

కొన్న బొమ్మ చేతికిచ్చాను. సంతోషంగా తీసుకుంది, దాని కళ్ళు మూయించి, తెరిపించి చూసింది. పక్క మంచం మీది పిల్ల ఏడుస్తుంటే దానికి ఇమ్మని తల్లికి అందించింది. నాకు ఇది చాలు, ఇది అక్క చేసింది అంది. ఇక నేనేం అడగను? స్టూలు మీద కూర్చుని, ఆ పిల్ల జోకొడుతుంటే చూశాను. చుట్టిన గుడ్డలో మా దాని మెడ ఎటువైపుందో నాకు తెలుసు. ఆ పిల్ల అరచెయ్యి సరిగ్గా అక్కడే ఉంది.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "పోనీ, జోకొట్టేకి ఒగరు దొరికినారు" అని కండువా మొహాన వేసుకున్నాడు.

మరుసటి నెల వెళ్ళేసరికి ఆ మంచం మీద వేరే బిడ్డ ఉంది. ఇంటికి తీసుకుపోయారని చెప్పారు. ఏ ఇంటికి, ఎలా తీసుకుపోయారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నర్సు కూడా నా వైపు చూడకుండా చెప్పింది. ఇడ్లీలు పంచాను, పాలు పోశాను, వచ్చేశాను.

కొన్నాళ్ళకి ఆ పిల్ల తల్లి మా ఇల్లు వెతుక్కుంటూ కోవిల్‌పట్టి వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది. చేతులు నలుపుకుంటోంది. ఇంట్లోనే పోయిందట, నిద్రలోనే. ఆ గుడ్డపాపని ఆఖరి దాకా వదల్లేదట. మీరు వేసేవి పెద్దవాళ్ళు డబ్బులిచ్చి కొంటారట కదక్కా, మాకు తెలియదు, పిల్ల చేతుల్లోంచి లాగబుద్ధి కాక దానితో పాటే పూడ్చిపెట్టేశాం, తప్పయితే మన్నించండి అని నా కాళ్ళు పట్టుకోబోయింది.

లేపి కూర్చోబెట్టాను. నీళ్ళిచ్చాను. తాగి అడిగింది, ఆ గుడ్డ మీద అసలేం బొమ్మ వేశారని. పిల్ల ఒక్కరోజు కూడా దాన్ని విప్పనివ్వలేదట. హాల్లో ఎంతమంది అడిగినా నేను చెప్పనిది, మాస్టారికి కూడా చెప్పనిది, ఆమెకి చెప్పాను. నా కూతురు అన్నాను. ఫోటో లేదని చెప్పాను. ఇంకెప్పుడూ అలా రాలేదని కూడా చెప్పాను. ఆమె లేచి కొంగు బిగించుకుని, నా వెంట రండి అంది.

రెండు బస్సులు మారి వాళ్ళ ఊరికి పోయాం. ఊరి బయట పత్తిచేల అంచున చిన్న మట్టిదిబ్బ. వానలు లేక నల్లమట్టి నెర్రెలు విచ్చి ఉంది. ఆమె దిబ్బకి ఒక పక్కన కూర్చుంది. నేను దూరంగా నిలబడ్డాను. పరాయి బిడ్డ దగ్గర మనసారా ఏడవడానికి నాకేం హక్కుంది? ఆమె నా వైపు చూసి, కాస్త పక్కకి జరిగి, చోటు చూపించి తమిళంలో అంది:

"కూచోండక్కా. మీ బిడ్డ కూడా ఇక్కడే ఉంది కదా."